కలివి కోడికి జెర్డాన్ పేరు

నేను ఏడో తరగతి చదివే రోజుల్లో మా మండలంలో ఒక క్విజ్ పోటీ జరిగింది. "కడప జిల్లా అడవుల్లో కనిపించే అత్యంత అరుదైన పక్షి పేరేమిటి?" అని అడిగినప్పుడు, అందరికంటే ముందుగా నేను చెయ్యెత్తి "కలివి కోడి" అన్నాను. ప్రశ్న అడిగిన మాస్టారు చేతిలోని కాగితం వంక చూసి, కాసేపు తటపటాయించి, "తప్పు" అన్నారు. అవకాశం పక్క జట్టుకు వెళ్ళింది. అందులోని అమ్మాయి "జెర్డాన్స్ కోర్సర్" అని చెప్పి పది మార్కులూ పట్టుకుపోయింది. మేమిద్దరం చెప్పింది ఒకే పక్షి పేరని ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. ఆ మాటకొస్తే నాకూ తట్టలేదు. కాగితం మీద ఉన్నదే నిజమని నమ్మి, మా అవ్వ నాకు తప్పు పేరు నేర్పిందని కోపం తెచ్చుకుని ఇంటికి వచ్చాను.

పోయిన మార్కుల బాధ ఎప్పుడో తీరింది గానీ, ఆ "తప్పు" అన్న మాట మాత్రం నాతోనే ఉండిపోయింది. మనుషుల పేర్లు పెట్టిన పక్షులకు ఆ పేర్లు ఉంచాలా, తీసేయాలా అని ఇప్పుడు దేశదేశాల్లో వాదోపవాదాలు నడుస్తున్నాయి. జెర్డాన్ పేరును చెరిపేయాలనే వారితో నేను ఏకీభవించలేను. అదే దాని అసలు పేరనీ, కలివి కోడి ఏదో పల్లెటూరి వాడుక అనీ అనుకునే వారితో అంతకంటే ఏకీభవించలేను. ఈ రెండు పేర్లలో ఏ ఒక్కదానిలోనూ ఆ పక్షి గురించి మనకు తెలిసినదంతా ఇమడలేదని నా వాదన. ఒకదానికి తెలిసింది రెండోదానికి చేరక, బతికే ఉన్న ఒక పక్షిని 86 ఏళ్ళపాటు పోయిందనుకున్నాం.

ముందు పక్షి సంగతి చెప్పాలి. కలివి కోడి పేరుకే కోడి, పరిమాణంలో పావురానికి దగ్గరగా ఉంటుంది. ముక్కు కొస నుంచి తోక చివరి వరకు 27 సెంటీమీటర్లు. ఒంటిరంగు ఎండిన మట్టిలా, రాలిన ఆకులా గోధుమ వన్నెలో ఉండి, కదలకుండా నిలబడితే పది అడుగుల దూరంలో ఉన్నా కంటికి ఆనదు. గొంతు దగ్గర ఇటుకరంగు మచ్చ, రొమ్ము మీద తెల్లని చారతో విడివడిన రెండు గోధుమరంగు పట్టీలు, కంటిపైన వెడల్పాటి తెల్లని కనుబొమ, పసుపుపచ్చని పొట్టి ముక్కుకు నల్లని మొన ఉంటాయి. అన్నిటికంటే ముందు కళ్ళ గురించి చెప్పాలి. తలకు మించినంత పెద్ద కళ్ళు అవి, చీకటి కోసమే పుట్టిన కళ్ళు. పొడవాటి కాళ్ళతో నాలుగడుగులు గబగబా పరిగెత్తి, ఠక్కున ఆగి, మళ్ళీ పరిగెత్తే రకం పక్షుల కుటుంబం దానిది. కోర్సర్ అనే ఆంగ్లపదానికి అర్థం కూడా పరిగెత్తేది అనే. పాదానికి వెనక వేలు ఉండదు, ముందువైపు మూడు వేళ్ళే. ఈ మూడు వేళ్ళ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక పేరు గల మనిషి. థామస్ కేవర్‌హిల్ జెర్డాన్ 1811లో ఇంగ్లండులోని డరమ్ ప్రాంతంలో పుట్టాడు, ఎడింబరోలో వైద్యం చదివాడు, ఈస్టిండియా కంపెనీలో అసిస్టెంట్ సర్జనుగా చేరి 1836లో మద్రాసులో దిగాడు. మొదట గంజాం ప్రాంతంలో జ్వరాలతో, రక్తవిరేచనాలతో మంచం పట్టిన దండుకు వైద్యం చేయమని పంపారు. తూర్పు కనుమలను ఆయన మొదటిసారి చూసింది అక్కడే. తర్వాత మద్రాసు అశ్వికదళం వెంట ఊళ్ళు తిరిగాడు. 1840లలో నెల్లూరుకు సివిల్ సర్జనుగా వచ్చాడు. ఆయన జీతం తీసుకున్నది వైద్యుడిగా, ప్రాణం పెట్టింది మాత్రం పక్షులకు, చీమలకు, పాములకు, ఎలుకలకు. దక్షిణ భారతదేశపు చీమల మీద 1851లో ఆయన ప్రకటించిన జాబితా ఎంత ముఖ్యమైనదంటే, ఎగిరి దూకే చీమ ఒకదాన్ని ఇవాళ ప్రపంచంలోని ప్రయోగశాలలన్నీ ఆయన పెట్టిన శాస్త్రీయ నామంతోనే పిలుస్తున్నాయి.

జెర్డాన్ జీవితంలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఒకటుంది. వచ్చిన కొత్తలో తాను సేకరించిన పక్షుల చర్మాలను పెట్టెల్లో సర్ది, వాటిని గుర్తించి పేర్లు చెప్పమని స్కాట్లండులోని సర్ విలియం జార్డిన్ అనే పెద్ద శాస్త్రవేత్తకు ఓడలో పంపాడు. ఆ పెట్టెలు చేరేసరికి పురుగు పట్టి పాడైపోయాయి. ఇంకొకరైతే మళ్ళీ పెట్టెలు సర్దుకునేవారు. జెర్డాన్ మాత్రం ఆ రోజు నుంచి బ్రిటన్ వైపు చూడడం మానేసి, తన కళ్ళను తాను నమ్ముకుని, 420 పక్షుల జాబితాను 1839, 1840 సంవత్సరాల్లో మద్రాసులోని పత్రికలోనే అచ్చువేశాడు. అంతకుముందు కర్నల్ సైక్స్ తయారుచేసిన జాబితాకు అది దాదాపు రెట్టింపు. తన చేతికి అందిన పక్షిని తానే తేల్చుకోవాలన్న ఆ పట్టుదలే 1862 నుంచి 1864 వరకు వెలువడిన ఆయన పెద్ద గ్రంథం 'ది బర్డ్స్ ఆఫ్ ఇండియా'కు దారితీసింది. అందులో 1,008 జాతుల వర్ణన ఉంది.

ఆ గ్రంథం తెరిస్తే తెలుగు పాఠకుడికి ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. పక్షి శాస్త్రీయ నామం కింద హిందుస్తానీ, బెంగాలీ, తమిళ పేర్లతో పాటు తెలుగు పేరు కూడా, దొరికిన చోటల్లా, ఆంగ్ల లిపిలో వంకరటింకరగా కనబడుతుంది. ఆ అక్షరాలను నోటితో గట్టిగా పలికితే తప్ప పేరు బయటపడదు. బట్టమేక పిట్ట అలాగే బయటపడుతుంది. నెల్లూరులో, కనుమల అంచున, తన దగ్గరకు పక్షులను పట్టుకొచ్చే వేటగాళ్ళను ఆయన "దీన్ని మీరేమంటారు?" అని అడిగి, విన్నది విన్నట్టు రాసుకుంటేనే గాని ఆ మాటలు అలా అచ్చులోకి ఎక్కవు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇది ఆయన ఒక్కడి అలవాటేమీ కాదు. ఆయన మిత్రుడు, అమరావతి శిల్పాలను మద్రాసుకు తరలించిన సర్ వాల్టర్ ఇలియట్, 1859లో తెలుగు మొక్కల పేర్లన్నీ చేర్చి 'ఫ్లోరా ఆంధ్రికా' అనే పుస్తకమే అచ్చువేశాడు. ఆంగ్లంలోని బ్యాండికూట్ అనే మాట మన పందికొక్కే అని చాలామందికి తెలియదు. పేర్లు అటు నుంచి ఇటే కాదు, ఇటు నుంచి అటు కూడా ప్రయాణం చేశాయి.

మన పక్షికి పాత ఆంగ్ల పక్షి గ్రంథాల్లో కనిపించే తెలుగు పేరు కలివి కోడి కాదు. అక్షరాలు కూడబలుక్కుని చదివితే "అడవ ఉట తిత్తి" అన్నట్టు వినిపిస్తుంది. దీన్ని నేను చాలాసార్లు పైకి చదువుకున్నాను. మొదటి మాట అడవి అని సులువుగానే తెలుస్తుంది. మిగతాది టిట్టిభం, తీతువు అనే మాటల చుట్టమే అని నా ఊహ, ఇది నా ఊహ మాత్రమే. అదే నిజమైతే ఆ పేరు చెప్పిన మనిషి ఈ పక్షిని "అడవిలో ఉండే తీతువు" అన్నాడన్నమాట. శాస్త్రవేత్తలు కోర్సర్లనూ, తీతువులనూ ఒకే పెద్ద వరుసలో పెడతారు. కత్తితో కోసి ఎముకలు చూడకుండానే, నడక చూసి, కాళ్ళు చూసి, ఆ అడవి మనిషి కూడా అక్కడికే చేరుకున్నాడు.

జెర్డాన్ పంపిన చర్మాన్ని చూసి కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం అధికారి ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దాన్ని కొత్త జాతిగా వర్ణించాడు. ఆయన ఇచ్చిన జాతినామం బైటార్క్వేటస్, అంటే రెండు కంఠపట్టీలు కలది. ఇందులో జెర్డాన్ లేడు. ఆంగ్లవాడుకలో ఆ పక్షికి జెర్డాన్ పేరు తర్వాత అంటుకుంది. జెర్డాన్ తన పేరు తానే పెట్టుకోలేదు, పెట్టమని అడగనూ లేదు. అయితే లాటిన్‌లో కూడా ఆయన పేరు మోస్తున్న పక్షి ఒకటి మన అడవుల్లోనే ఉంది. బ్లైత్ 1844లో దానికి జెర్డోనీ అనే జాతినామం ఇచ్చాడు, ఇవాళ దాన్ని క్లోరాప్సిస్ జెర్డోనీ అంటారు. లేత ఆకురంగులో పిచ్చుక కంటే కొంచెం పెద్దగా ఉండే ఆ పిట్ట ఆకుల మధ్య తలకిందులుగా వేలాడుతూ పురుగులు, పండ్లు, పూలలోని తేనె తింటుంది. మగపిట్టకు గొంతు నల్లగా ఉండి, దాని చుట్టూ పసుపు అంచు, నల్లదనం మీద చిన్న నీలి మీసం ఉంటాయి. చెట్టు కింద నిలబడి చూస్తే ఆకులే కూస్తున్నట్టు ఉంటుంది. పైగా అది ఇతర పక్షుల కూతలన్నీ అనుకరిస్తుంది. తోటలోకి ఒక డేగ, ఒక పికిలిపిట్ట, ఒక ఏట్రింత వరుసగా వచ్చి వెళ్ళినట్టు అనిపించి తలెత్తితే, కొమ్మ మీద ఇదొక్కటే ఉంటుంది. ఇతరుల నోటి మాటలను పోగుచేసుకున్న మనిషి పేరు దానికి అంతకంటే బాగా ఎలా కుదురుతుంది?

అసలు కథ ఇక్కడి నుంచి మలుపు తిరుగుతుంది. కలివి కోడి ఎక్కడ ఉంటుందో జెర్డాన్ స్పష్టంగానే రాసిపెట్టాడు. నెల్లూరుకు పైనున్న కనుమల్లో, కడప ప్రాంతంలో, రాళ్ళురప్పలతో ఎగుడుదిగుడుగా ఉండే నేల మీది పలుచని అడవిలో, చిన్న చిన్న గుంపులుగా ఉంటుందనీ, అప్పుడప్పుడు దీనంగా కూస్తుందనీ ఆయన వివరణ. బ్లాన్‌ఫర్డ్ అనే మరో ఆంగ్ల ప్రకృతి శాస్త్రవేత్త దాన్ని గోదావరి లోయలో, సిరోంచా, భద్రాచలం వైపు చూశాడు. 1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ కాంబెల్ చూసిన తర్వాత ఎవరికీ కనబడలేదు. సలీం అలీతో సహా తెలిసినవారు, పట్టుదల ఉన్నవారు వెదికారు. జెర్డాన్ చెప్పిన చోటే వెదికినా దొరకలేదు. పుస్తకాల్లో దాని పేరు పక్కన 'బహుశా అంతరించింది' అనే మాట చేరింది.

1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుడు కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర దాన్ని మళ్ళీ కనుగొన్నాడు. కనుగొన్నది ఆయనే గాని, చేతితో పట్టింది ఐతన్న అనే స్థానికుడు, రాత్రిపూట, టార్చిలైటు వెలుగులో. రాత్రి అనే మాటే ఇక్కడ తాళంచెవి. కలివి కోడి రాత్రి తిరిగే పక్షి. పగలు పొదల నీడలో కదలకుండా కూర్చుంటుంది. పగటిపూట బైనాక్యులర్లు మెడలో వేసుకుని తిరిగినవారికి అది ఎదురుగా ఉన్నా కనిపించదు. దీపంతో అడవికి వెళ్ళే వేటగాడికి మాత్రం, కళ్ళు మెరిసి, దాని ఉనికి తెలుస్తుంది. జెర్డాన్ పేరు పట్టుకున్నవారికి చోటు తెలుసు. కలివి కోడి అని పిలిచేవారికి వేళ తెలుసు. చోటూ వేళా ఒకచోట కలవడానికి 86 ఏళ్ళు పట్టింది. పట్టుబడిన ఆ మొదటి పక్షి బతకలేదు, ఆ సంగతి కూడా చెప్పాలి.

కాబట్టి "అంతరించిన పక్షి మళ్ళీ దొరికింది" అని పత్రికలు రాసినప్పుడల్లా నాకు కొంచెం చిరాకు వేస్తుంది. ఎవరికి దొరికింది? అది తప్పిపోయింది జెర్డాన్స్ కోర్సర్ అనే పేరుతో దాన్ని ఎరిగినవారికి మాత్రమే. అయితే పల్లెవారందరికీ దాని సంగతి క్షుణ్ణంగా తెలుసనీ, అడిగితే మొదటి రోజే చూపించి ఉండేవారనీ అనడం కూడా అతిశయోక్తే. కౌజు, కంజు, పూరేడు వంటి తినే పిట్టలకు మన పల్లెల్లో ఉన్నంత కచ్చితమైన పేర్లు, తినడానికి పనికిరాని అరుదైన పిట్టలకు ఉండవు. ఒక పేరు ఒక ఊళ్ళో ఒకదానికీ, పక్క ఊళ్ళో ఇంకొకదానికీ వాడతారు. మా అవ్వ కలివి కోడి అన్నప్పుడు ఆమె మనసులో ఏ పక్షి ఉందో నేను ప్రమాణం చేసి చెప్పలేను. వాడుక పేరును పరీక్షించకుండా పల్లకీ ఎక్కించడం, పరీక్షించకుండా తప్పు అనడం రెండూ ఒకే రకం సోమరితనం.

ఇప్పుడు పేర్లు మార్చాలనే వాదం. అమెరికాలోని పక్షిశాస్త్రవేత్తల సంఘం ఆర్నితలాజికల్ సొసైటీ తన పరిధిలోని పక్షుల ఆంగ్ల నామాల్లో మనుషుల పేర్లన్నిటినీ తీసివేస్తామని 2023 నవంబరులో ప్రకటించింది. దానికి నాంది 2020లోనే పడింది. బానిసత్వాన్ని నిలబెట్టడానికి యుద్ధం చేసిన సైన్యంలో సేనానిగా ఉన్న మెకౌన్ పేరును ఒక చిన్న పిట్ట నుంచి తొలగించారు. ఆ నిర్ణయంలో నాకు ఏ తప్పూ కనబడదు. మనిషిని మనిషి అమ్ముకోవడానికి కత్తి పట్టినవాడి పేరును పిట్ట మెడకు కట్టి తరతరాలు పలకమనడం అన్యాయం. కానీ అక్కడి నుంచి "ఏ మనిషి పేరూ ఏ పక్షికీ ఉండకూడదు" అనే సూత్రానికి దూకడం నాకు మింగుడుపడదు. ఒక్కొక్కరినీ విచారించడం కష్టం, తగాదాలు పెరుగుతాయి, అందుకని అందరినీ ఒకేసారి తీసేద్దాం అన్న సౌలభ్యం అందులో ఉంది. సౌలభ్యం న్యాయం కాదు.

జెర్డాన్ కంపెనీ ఉద్యోగి. ఆయన వైద్యం చేసిన దండు గంజాం కొండల్లో తిరగబడిన జనం మీదికి వెళ్ళిన దండు. ఆయన పెట్టెల్లో సర్దిన పక్షులు తుపాకీతో కొట్టినవి. ఇవన్నీ నిజాలే. ఆయన్ని దేవుణ్ణి చేయమని నేను అనడం లేదు. కానీ కడపవాళ్ళకు ఈ లెక్క కొత్తది కాదు. మా ఊరికి సి. పి. బ్రౌన్ కూడా కంపెనీ ఉద్యోగిగానే వచ్చాడు. ఆయన పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలు సేకరించాడు, వేమన పద్యాలు అచ్చువేశాడు, 1852లో నిఘంటువు తెచ్చాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోటే ఇవాళ ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది, అక్కడికి వెళ్ళి కూర్చుని చదువుకున్నవారిలో నేనూ ఒకణ్ణి. దొర దొరే, చేసిన పని పనే అని రెండింటినీ విడివిడిగా తూచడం తెలుగువాళ్ళకు చేతనవును. అయితే బ్రౌన్ నిఘంటువు ఉంది కదా అని ఎవరూ తెలుగును బ్రౌన్ భాష అనరు. జెర్డాన్ విషయంలో మనం చేసింది అచ్చంగా ఆ పొరపాటే. పుస్తకం రాసినవాడి పేరును గౌరవంగా చెప్పుకోవడానికీ, పక్షికి మన నోట ఉన్న పేరును తప్పుల జాబితాలో వేయడానికీ మధ్య ఉన్న గీతను మా క్విజ్ మాస్టారు దాటారు, పాపం, ఆయన చేతిలో ఉన్న కాగితం ముందే దాటింది.

పక్షికి పేరు పెట్టేటప్పుడు ఇంకో పద్ధతి కూడా ఉందని 2006లో అరుణాచల్‌ప్రదేశ్‌లో రమణ ఆత్రేయ చూపించాడు. ఈగల్‌నెస్ట్ అడవుల్లో ఆయన కనుగొన్న చిన్న రంగురంగుల పిట్టకు, ఆ అడవులను ఆనుకుని ఉండే బుగున్ తెగ పేరు మీదుగా లియోసిక్లా బుగునోరమ్ అని నామకరణం చేశాడు. పైగా ఆ పిట్టలు బహు కొద్దిగా ఉన్నాయన్న భయంతో, నమూనా కోసం ఒక్కదాన్ని కూడా చంపకుండా, వలలో పడినదాని ఈకలు, ఫోటోలు, కూతల ఆధారంగానే దాన్ని వర్ణించాడు. 1848లో బ్లైత్ ముందున్నది ఎండిన చర్మం, 2006లో ఆత్రేయ చేతిలో నుంచి ఎగిరిపోయింది ప్రాణమున్న పిట్ట. పేరు ఎవరిది అన్నదానితో పాటు, పేరు పెట్టడానికి ఏం ఖర్చయింది అన్నది కూడా నాకు ముఖ్యంగానే కనబడుతుంది.

నేను కలివి కోడి అనే పేరు కోసం పట్టుబట్టడానికి ఆత్మగౌరవం ఒక్కటే కారణం కాదు. అది పక్షి చిరునామా చెప్పే పేరు. కలివి అంటే ముళ్ళపొద. వేసవి ముదిరే కొద్దీ దాని కాయలు ఆకుపచ్చ నుంచి ఎర్రబడి, చివరకు నేరేడు నలుపుకు తిరుగుతాయి. తెలంగాణలో కలిమిపండ్లు అంటారు. చిన్నప్పుడు పొద దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ముళ్ళు గీసుకుపోతున్నా లెక్కచేయకుండా, ఒక్కొక్క పండూ తెంపుతుంటే కాడ దగ్గర తెల్లని పాలు చిమ్మేవి. దోసెడు తిని ఇంటికి వచ్చేసరికి పెదవులు జిగటగా అంటుకుపోయేవి, నాలుక ఊదారంగుకు తిరిగేది, పొలంలో ఎక్కడ తిరిగామో అమ్మకు చెప్పాల్సిన పనే ఉండేది కాదు. నడుమెత్తు పొదలు, మధ్య మధ్య ఖాళీ నేల, ఆ నేల మీద గులకరాళ్ళు, వాటి కింద చెదలు, చీమలు: కలివి కోడి బతికేది సరిగ్గా అటువంటి చోటే.

జగన్నాథన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు లంకమల ప్రాంతంలో చేసిన పని ఈ పేరుకు రుజువులాంటిది. రాత్రి తిరిగే, మనిషిని చూడగానే నక్కే పక్షిని లెక్కించడం ఎలా? పొదల మధ్య మెత్తని మట్టిని పట్టీలుగా పరిచి, సాయంత్రం చదును చేసి, పొద్దున్నే వెళ్ళి అడుగుజాడలు చూసేవారు. ముందు చెప్పిన మూడు వేళ్ళు ఇక్కడ పనికొచ్చాయి. వెనక వేలు లేని ఆ జాడ ఉన్నచోట, దానంతటదే ఫోటో తీసే కెమెరాను పెట్టి నిర్ధారించుకునేవారు. అలా తేలిందేమిటంటే, హెక్టారుకు 300 నుంచి 700 వరకు పెద్ద పొదలు ఉన్నచోటే అది ఎక్కువగా ఉంటుంది. అడవి మరీ చిక్కబడితే పరిగెత్తడానికి చోటుండదు, మరీ పలుచబడితే దాక్కోవడానికి నీడ ఉండదు. గొర్రెలు, మేకలు మితంగా మేసి, కంపకు కొంత నరికినచోట ఈ సమతుల్యం నిలిచింది. అదే పొదలను యంత్రాలతో పెకిలించి నిమ్మతోటలు, పొలాలు వేసినచోట పోయింది. అడవి చుట్టూ గోడ కట్టి మనుషులందరినీ బయటికి పంపితే చాలుననుకునే వారికీ, అడవంటే ఆకాశాన్నంటే చెట్లే అనుకుని కంపచెట్ల నేలను బీడు భూముల ఖాతాలో రాసేవారికీ ఈ పక్షి బతుకు అర్థం కాదు. కలివి పొద విలువ తెలియని ఆ లెక్కల్లో కలివి కోడికి చోటు దొరకదు.

దీని కోసమే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అదే ఏడాది తపాలా శాఖ దీని బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. ఆ తర్వాత తెలుగుగంగ కాలువ పనులు దాని నివాసం మీదికే వచ్చినప్పుడు, పోరాటం సుప్రీంకోర్టు నియమించిన కమిటీ దాకా వెళ్ళి, చివరకు కాలువ దారి మార్చారు. రాయలసీమలో పుట్టి కాలువకు అడ్డుపడటం ఎంత కష్టమో నాకు తెలుసు, నీళ్ళ కోసం ఎదురుచూసి పోయినవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. కానీ కాలువ ఆగలేదు, పక్కకు జరిగింది, అంతే. రాష్ట్ర పక్షి విషయంలో మాత్రం మనకు ఇంకా మొహమాటమే. పాలపిట్టను తెలంగాణ కూడా తన రాష్ట్ర పక్షిగా చెప్పుకోవడంతో, 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను ఎంచుకుంది. రామచిలుక ఢిల్లీలోనూ ఉంది, లండను పార్కుల్లోనూ ఉంది. మన కడప కంపలను నమ్ముకున్న పక్షి మాత్రం పోటీలోకే రాలేదు.

ఇంకొక్క ఉదాహరణ చెప్పి తీరాలి. 2013లో స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఒక గుడ్డు బయటపడింది. కోలారు బంగారు గనుల్లో పశువైద్యుడిగా పనిచేసిన మీటన్ 1917లో సేకరించినది. పాత చర్మాల నుంచి తీసిన జన్యుపదార్థంతో పోల్చి చూసి అది కలివి కోడి గుడ్డేనని తేల్చారు. దాదాపు వందేళ్ళపాటు ఆ గుడ్డు అల్మారాలో పడుంది, ఎవరికీ అక్కర రాలేదు. ఇక 2025 ఆగస్టులో, చాలా ఏళ్ళ మౌనం తర్వాత, కడప జిల్లాలో పక్షి పరిశీలకులు రాత్రివేళ దాని కూతను రికార్డు చేశారు. పగలు కాదు, రాత్రి. కళ్ళతో కాదు, చెవితో. వేటగాడి విద్య పరిశోధకుడికి పూర్తిగా అబ్బింది.

కాబట్టి ఆంగ్లంలో జెర్డాన్ పేరు ఉండనివ్వండి. ఆ పేరు వెంట పోతే నెల్లూరులో ఒక వైద్యుడి దగ్గరకు, పురుగు పట్టిన పెట్టెల దగ్గరకు, "దీన్ని మీరేమంటారు?" అన్న ప్రశ్న దగ్గరకు చేరతాం. కానీ తెలుగులో రాసే పాఠ్యపుస్తకంలో, అభయారణ్యం బోర్డు మీద, పత్రికలో, పోటీ పరీక్షలో ఆ పక్షి పేరు కలివి కోడి. జెర్డాన్ పేరు దాని పక్కన, రెండో వరుసలో, ఎందుకు వచ్చిందో ఒక్క వాక్యంతో సహా ఉండాలి. మూడో వరుసలో ఐతన్న కూడా ఉంటే నాకు మరీ సంతోషం.

పోయిన ఏడాది సిద్ధవటం అవతల ఒక గొర్రెల కాపరితో మాట్లాడుతూ కూర్చున్నాను. డెబ్బై దాటిన మనిషి. ఫోనులో బొమ్మ చూపిస్తే, దూరంగా పట్టుకుని, కళ్ళు చికిలించి చూసి, "కలివి కోడి గదా. నా వయసులో సూసినా, రెండు మూడు తూర్లు, చీకట్లో" అన్నాడు. ఇంగ్లీషులో దీన్ని జెర్డాన్ అనే దొర పేరుతో పిలుస్తారని చెప్పాను.

"ఎవురు నాయనా ఆయప్ప?"

"నెల్లూరులో డాక్టరు, తాతా. నూటెనభై ఏండ్ల కిందట."

ఆయన ఫోను తిరిగి ఇచ్చి, కట్టె మీద గడ్డం ఆనించి కాసేపు ఆలోచించాడు. "రేత్రిపూట వచ్చినాడా, పగులొచ్చినాడా?" అని అడిగాడు.